అది ఎవరి మగ్గం గుడ్డో

యువతను పరిశోధనలో భాగస్వాములను చెయ్యాలి అనే మాటను ఎన్ని సమావేశాల్లో చెప్పి ఉంటానో నాకే తెలియదు. చెప్పిన ప్రతిసారీ ముందు వరసలో ఎవరో ఒకరు తల ఊపేవారు. తల ఊపేవాళ్లను చూస్తే నాకు ఇంకో నాలుగు మాటలు ఊరేవి. కడపలో చెప్పాను, కర్నూలులో చెప్పాను, ఒకసారి ఢిల్లీ నుంచి వచ్చినవాళ్ల ముందు వచ్చీరాని ఇంగ్లీషులో కూడా చెప్పాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. ఆ మాట ఎవరి నోటయినా వింటే మాత్రం వీపు మీద చెమట పడుతుంది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చెప్పుకుంటే బరువు దిగుతుందనే ఆశ నాకేమీ లేదు.

మాది జమ్మలమడుగు పక్కన నేత కుటుంబం. నేను డిగ్రీ చదివేదాకా ఇంట్లో మగ్గం ఆడింది. మా నాన్న పెళ్లిళ్లకు పోతే భోజనానికన్నా ముందు పక్కన కూర్చున్నవాళ్ల కండువా అంచు పట్టుకునేవాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి చూసి, ఇది ఫలానా వీధిలో ఫలానావాళ్ల మగ్గం అని చెప్పేవాడు. అమ్మకు తల కొట్టేసినట్టు ఉండేది. అదేమీ మా నాన్న ఒక్కడి గొప్ప కాదు, మా వీధిలో సగం మందికి ఆ విద్య వచ్చు. ఏ చెయ్యి గట్టిగా కొడుతుందో, ఏ చెయ్యి అంచు దగ్గర వదులు చేస్తుందో గుడ్డే చెబుతుంది. నాకూ కొద్దిగా వచ్చు. కొద్దిగా అని వినయానికి రాయలేదు, తప్పించుకోవడానికి అలవాటుగా చేతికి వచ్చేసింది. నాకు బాగానే వచ్చు.

చదువయ్యాక హెచ్ఐవి నివారణ మీద పనిచేసే ఒక సంస్థలో చేరాను. మొదట్లో గ్రామాలకు పోయి గోడల మీద పోస్టర్లు అంటించడం, కాలేజీల్లో మాట్లాడటం. తర్వాత ఒక పరిశోధన వచ్చింది. నేత ఊళ్లలో పద్దెనిమిది నుంచి ఇరవై నాలుగేళ్ల లోపువాళ్లకు హెచ్ఐవి గురించి ఏం తెలుసు, పరీక్షకు ఎందుకు రారు, ఎవరు చెబితే వింటారు అన్నది తెలుసుకోవాలి. అడిగేది కూడా ఆ వయసువాళ్లే అయితే మేలని అనుకున్నాం. మా ఊరికి దగ్గరలోనే ఉన్న ఒక నేత ఊళ్లో పన్నెండు మందిని ఎంచుకుని, వాళ్లను యువ పరిశోధకులు అన్నాం. ప్రశ్నలు వాళ్లే తయారు చేస్తారు, తోటివాళ్లతో వాళ్లే మాట్లాడతారు. మేము రాసే ఏ కాగితమైనా వాళ్లలో ఇద్దరు చదివి సంతకం పెట్టనిదే ఊరు దాటకూడదు. ఈ చివరి నియమం నాది. అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

నేత ఊళ్లలో మగ్గానికి సెలవంటే అమావాస్యే. అందుకని మా సమావేశాలు అమావాస్య మధ్యాహ్నాల్లో, మూతబడిన నేత సంఘం గోదాములో జరిగేవి. తాళం ఊరి షావుకారు దగ్గర ఉండేది. ఆ ఊళ్లో చాలా ఇళ్లకు నూలు, మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు ఇచ్చి నేయించుకునేది ఆయనే.

పన్నెండు మందిలో ఒక అమ్మాయి ఉండేది. పందొమ్మిదేళ్లు, డిగ్రీ రెండో సంవత్సరం. తల్లీతండ్రీ లేరు. అవ్వ దగ్గర, మేనమామ దగ్గర పెరిగింది. మాటకు మాట అంటించే రకం. ఒకసారి నేను సర్వేలో ఒక ప్రశ్న రాసుకుపోయాను, హెచ్ఐవి ఉన్నవారి పట్ల మీకు సానుభూతి ఉందా అని. ఆ అమ్మాయి పెన్సిలు తీసుకుని దాని కింద గీత గీసింది. ఇట్లా అడిగితే ఎవరైనా ఉందనే చెబుతారని, మీ ఇంట్లో పెళ్లికి వాళ్లను పిలుస్తారా, పక్కన కూర్చోబెట్టుకుని అన్నం పెడతారా అని అడగమని చెప్పింది. అట్లాగే మార్చాం. సానుభూతి ఉందన్న నోళ్లే పెళ్లి అనేసరికి నసిగాయి. ఆ మార్పును తర్వాత ఎన్నో సభల్లో ఉదాహరణగా చెప్పాను. చెప్పినప్పుడు అది నాకు తట్టిన ఆలోచనలాగే చెప్పాను. ఇది చిన్న దొంగతనం. పెద్దదాని పక్కన కనపడకుండా పోతుందని ముందే రాసి పెడుతున్నాను.

వాళ్లింటికి నేను నాలుగైదు సార్లు పోయాను. ముందు గదిలోనే గుంట మగ్గం. మేనమామ నేస్తుంటే అవ్వ పక్కన కూర్చుని కండెలు చుట్టేది. పడుగు దారాలను దువ్వెన పళ్లలాగా విడదీసి నిలబెట్టే పన్నె ఒకటి ఉంటుంది మగ్గానికి. వాళ్ల పన్నెలో రెండు పళ్లు వంగిపోయాయి. అందువల్ల గుడ్డ పొడుగునా, అంచుకు రెండు వేళ్ల లోపల, సన్నని గీత పడేది. దారాలు అక్కడ కాస్త పలచనవుతాయి. షావుకారు ప్రతి చీరకూ ఆ గీత చూపించి సణుగుతాడని అవ్వ నాతో చెప్పుకుంది. నేను కూడా బొటనవేలు ఆ గీత మీద పెట్టి చూసి, మా ఇంట్లోనూ ఒక పన్నె ఇట్లాగే ఏడిపించేదని చెప్పాను. అవ్వ సంతోషపడింది. మగ్గం ఇంటి బిడ్డ అంటే ఇట్లా ఉండాలని మనవరాలితో అంది.

రెండో ఏడాది మా పని చూడటానికి బయటినుంచి అతిథులు వస్తారని కబురు వచ్చింది. డబ్బు ఇచ్చేవాళ్లు, హైదరాబాదులో మా పెద్దసారు, ఇంకొందరు. చూపించడానికి కంటికి ఏదైనా ఉండాలి అన్నారు సారు. అప్పటికి మా పిల్లలు ఒక పని మొదలుపెట్టి ఉన్నారు. ఎవరికి వాళ్లు తమ మనసులో ఉన్న మాటో, అడగలేని ప్రశ్నో కాగితం మీద రాసి, మూత ఉన్న డబ్బాలో వెయ్యాలి. చేతిరాత గుర్తుపడతారేమోనని ఒక అబ్బాయి అంటే, అక్షరాలు కోసిన అట్టలు తెప్పించాం. అట్ట మీద పెట్టి గీస్తే అందరి రాతా ఒకేలా ఉంటుంది. అంత జాగ్రత్త పడ్డాం. అంత జాగ్రత్త పడ్డ చోటనే ఇది జరిగింది.

కాగితం ముక్కలు చూడటానికి ఏం బాగుంటాయి అని నాకు అనిపించింది. గుడ్డ మీద రాద్దాం అన్నాను. ఎవరి ఇంటి మగ్గం మీద నేసిన గుడ్డ వాళ్లు మూరెడు తెచ్చుకుని, దాని మీద అట్టలతో రాసి, మడిచి గోనెసంచిలో వెయ్యాలి. వాటిని గోదాములో తాళ్లకు వేలాడదీస్తాం. ఆ అమ్మాయే అడిగింది, కాగితం చాలదా అని. కాగితం ఎవరు చూస్తారు పాపా, మన గుడ్డ మన మాట అన్నాను. ఆ ముక్క నాకు ఎంత నచ్చిందంటే బ్యానరు మీద పెద్ద అక్షరాలతో వేయించాను.

అతిథులు వచ్చే రోజు పొద్దున్నే గోదాముకు పోయాను. సంచి విప్పింది నేనొక్కదాన్నే. ఎవరి గుడ్డ ఏదో మరొకరు చూడకూడదని అది కూడా నేను పెట్టిన నియమమే. ఒక్కొక్కటీ తీసి తాడుకు పిన్నులు పెట్టుకుంటూ పోయాను. పెళ్లికి ముందు రక్తపరీక్ష అడిగితే అనుమానిస్తారా అని ఒకరు రాశారు. మందుల షాపులో మా చిన్నాయన ఉంటాడు, నేను ఏ ఊరికి పోయి కొనాలి అని ఇంకొకరు. కొన్ని మేము చెప్పిన పాఠాలనే తిరగరాసినట్టు ఉన్నాయి. చప్పగా ఉన్నాయని మనసులో అనుకున్నాను కూడా.

ఎనిమిదో తొమ్మిదో గుడ్డ విప్పేసరికి ఇట్లా ఉంది. "ఇది నాకు పుట్టినప్పటినుంచి ఉంది. రోజూ మాత్ర వేసుకుంటాను. ఇప్పుడు పరీక్షకు కూడా అందనంత తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. అయినా ఈ ఊళ్లో ఎవరింట్లోనూ నేను నీళ్లు అడిగి తాగలేదు. రేపు తెలిస్తే, ఆ రోజు తాగిందే అని తలుచుకుంటారని."

పిన్ను పెట్టి, ముడతలు సాగదీసి, అడుగు వెనక్కి వేసి చూశాను. కిటికీ వెలుతురు గుడ్డ వెనకనుంచి పడుతోంది. అంచుకు రెండు వేళ్ల లోపల సన్నని గీత. బొటనవేలు దానంతటది పోయి ఆ గీత మీద పడింది. పైనుంచి కిందికి రాశాను. ఎవరి మగ్గమో తెలిసింది. ఆ ఇంటినుంచి మా పన్నెండు మందిలో ఉన్నది ఒక్కరే.

అప్పుడు ఎంతసేపు నిలబడ్డానో చెప్పలేను, ఎక్కువసేపు కాదు. ఆ కొద్దిసేపట్లో నా బుర్ర ఎన్ని వకాల్తాలు రాసిందో మాత్రం బాగా గుర్తుంది. వచ్చేది హైదరాబాదువాళ్లు, వాళ్లకు పన్నె ఏమి తెలుసు, గీత ఏమి తెలుసు. ఊరివాళ్లు వచ్చినా వెనక వరసలో కూర్చుంటారు, గుడ్డల దాకా ఎవరొస్తారు. ఒకటి తీసేస్తే పదకొండే అవుతాయి, పన్నెండు మంది అని కాగితాల్లో రాశాం. తీసేస్తే ఆ అమ్మాయి మాటకు విలువ ఇవ్వనట్టు కాదా అని కూడా అనుకున్నాను. సిగ్గులేని బుర్ర అంత దూరం పోయింది. ఇవన్నీ పక్కన పెడితే మిగిలే కారణం ఒకటే. అన్నింటిలోకీ ఆ గుడ్డే బాగుంది. అతిథులు ఆగి చదివేది అదొక్కటే. నేను దాని కొసలు సరిచేసి పక్క గుడ్డ దగ్గరకు పోయాను.

అనుకున్నట్టే ఆగారు. వచ్చినవాళ్లలో ఒక పెద్దావిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. నా చెయ్యి పట్టుకుని, మీరు ఈ పిల్లల నమ్మకం సంపాదించారు అంది. నాకు సంతోషం వేసింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా అసహ్యం పుట్టించేది ఆ సంతోషమే. తప్పు చేసినవాళ్లు చాలామంది ఉంటారు, ఆ తప్పు మీద నిలబడి పొగడ్త అందుకుని, లోపల తీయగా ఉండటం వేరే సంగతి.

ఊరివాళ్లు వెనక వరసలో కూర్చోలేదు. ఎందుకు కూర్చుంటారు? తాళం ఇచ్చాడని షావుకారును వేదిక మీదికి పిలిచింది నేనే, ఇంట్లోవాళ్లను కూడా తీసుకురమ్మని చెప్పింది నేనే. ఉపన్యాసాలయ్యాక అందరూ తాళ్ల దగ్గరకు వచ్చారు. వాళ్లు చదవలేదు. నేత ఊరివాళ్లు కదా, ముందు గుడ్డ పట్టుకున్నారు. ఒక ముసలాయన వరసగా ఒక్కో గుడ్డనూ వేళ్ల మధ్య రాస్తూ, ఇది ఫలానావాళ్లది, ఇది ఫలానావాళ్లది అని పక్కనున్నవాళ్లకు చెబుతూ వస్తున్నాడు. మా నాన్న పెళ్లిళ్లలో చెప్పినట్టే. ఆ గుడ్డ దగ్గరకు వచ్చి ఇంటి పేరు చెప్పాడు. పక్కన షావుకారు భార్య ఉంది. పేరు విన్నాకనే ఆమె రాత చదివింది. ముసలాయన కూడా చదివాడు. తర్వాతి గుడ్డ ఎవరి మగ్గమో చెప్పడం మానేసి బయటికి పోయాడు.

ఆ అమ్మాయి అప్పుడు మంచినీళ్ల గ్లాసులు తట్టలో పెట్టుకుని అందరికీ ఇస్తోంది. షావుకారు భార్య దగ్గరకు పోయింది. ఆమె తట్ట వైపు చూసి, వద్దులేమ్మా, ఇప్పుడే తాగినా అంది. అమ్మాయి తల ఊపి ముందుకు పోయింది. నేను నాలుగడుగుల దూరంలో ఉన్నాను. అతిథులు భోజనానికి లేచాక ఆ గుడ్డ తీసి నా సంచిలో పెట్టుకున్నాను. అప్పటికి ఇంక అది తీసినా ఒకటే, ఉంచినా ఒకటే.

వారం తిరగకుండానే వాళ్ల ఇంటికి పడుగు రావడం ఆగిపోయింది. మేనమామ పోయి అడిగితే, పడుగులు లేవప్పా, వచ్చే నెల చూద్దాం అన్నారట. అదే రోజు పక్కింటికి రెండు పడుగులు వచ్చాయి. ఒక్క మాట ఎవరూ అనలేదు, ఒక్క తిట్టు లేదు. కొళాయి దగ్గర అవ్వ బిందె పెడితే వెనకున్నవాళ్లు తమ బిందెలు కొంచెం పక్కకు జరుపుకున్నారు. కాలేజీ బస్సులో స్నేహితురాలు వేరే సీటుకు మారింది. హెచ్ఐవి ఎట్లా వస్తుందో, ఎట్లా రాదో ఆ ఊళ్లో ప్రతి గోడ మీదా రాయించింది నేనే. గోడలు అన్నీ సరిగ్గానే చెబుతున్నాయి.

నేను ఆ ఇంటికి పోయాను. మగ్గం ఆగి ఉంది. కండెలు చుట్టడానికి నూలు లేక అవ్వ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాప వేసింది, మజ్జిగ ఇచ్చింది. అమ్మాయి లోపలనుంచి రాలేదు. కాసేపటికి అవ్వ అడిగింది.

"మా ఇంటి సంగతి ఎవురో ఊర్లో చెప్పినారమ్మా. ఇన్నేండ్లు థైరాయిడు మాత్రలని చెప్పుకుంటా వస్తిమి. నీకేమన్నా తెలుసునా?"

తెలీదవ్వా అన్నాను. మజ్జిగ గ్లాసు పూర్తిగా తాగి కింద పెట్టాను. ఆ రోజు నిజం చెప్పి ఉంటే వాళ్లకు పడుగు వచ్చేదని కాదు. ఎవరి వల్ల జరిగిందో తెలియక ఆ ముసలామె వీధిలో ఒక్కొక్క మొహాన్నీ అనుమానించింది. కడపకు మందులకు పోయేటప్పుడు తోడు వచ్చిన, ఆ ఊళ్లోనే ఉండే సొంత చెల్లెలి కోడలితో కూడా మాటలు మానేసింది. ఆ కోడలు ఏ పాపమూ ఎరగదు.

నెల రోజుల్లో ఇల్లు ఖాళీ చేశారు. మేనమామ ఎమ్మిగనూరు వైపు ఎవరి షెడ్డులోనో కూలికి నేయడానికి పోయాడు. అవ్వా మనవరాలూ కోయిలకుంట్లలో ఉన్న అవ్వ ఇంకో చెల్లెలి దగ్గరకు చేరారు. డిగ్రీ మధ్యలో ఆగింది.

ఈ సంగతి ఎట్లాగో మా పెద్దసారుకు చేరింది. ఆయన ఫోను చేసి, పరిశోధనలో పాల్గొన్నవాళ్లకు నష్టం జరిగితే రాతపూర్వకంగా చెప్పాలి, నివేదిక రాసి పంపమన్నారు. మీరు నేత కుటుంబం కదా, మీకు అనుమానం రాలేదా అని కూడా అడిగారు. మగ్గం వదిలి చాలా ఏళ్లయింది సార్ అన్నాను. కూర్చుని రాశాను. అందులో ఒక వాక్యం మీద చాలా శ్రద్ధ పెట్టాను. "గుడ్డ నేతను బట్టి రాసిన వ్యక్తిని గుర్తుపట్టే అవకాశం ఉందని ఎవరూ ముందుగా ఊహించలేదు." చదివితే ఎక్కడా తగలదు. నున్నగా ఉంటుంది. ఇంక పంపడమే అనుకున్నప్పుడు ఇద్దరి సంతకాలు గుర్తొచ్చాయి.

అప్పటికి పన్నెండు మందిలో సగానికి పైగా రావడం మానేశారు. వాళ్ల ఇళ్లలో పంపడం లేదు. మిగిలినవాళ్లలో ఎక్కువ ప్రశ్నలు వెయ్యని ఇద్దరు అబ్బాయిలను ఏరుకున్నాను. ఏరుకున్నాను అనే మాట సరైనదే. మొదటివాడి దగ్గరకు పోతే బండి మీద ఎక్కడికో పోతూ, నువ్వు రాసినావు గదా అక్కా, ఇంక చదివేదేముంది అని పెన్ను తీశాడు. నేను పెట్టించుకునేదాన్నే. ముందు రెండోవాడికి చూపిద్దాం, అతను చదివేస్తే ఇతని సంతకం ఎప్పుడైనా పెట్టించుకోవచ్చని ఆగాను. రెండోవాడు, చేతిరాత గుర్తుపడతారని మొదట్లో హెచ్చరించిన ఆ అబ్బాయే, గోదాము అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదివి కాగితం నాకు తిరిగి ఇచ్చేశాడు.

"ఇది ఆ పాప సంగతి గదక్కా. ముందు ఆ పాపకు చూపించినావా?"

చూపిస్తాలే అన్నాను. ఆమె చదివినాక నేను పెడతా అన్నాడు. అంతే. నేను నేర్పిన నియమం నాకు అడ్డం వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ అబ్బాయి మీద కోపం వచ్చింది.

కోయిలకుంట్లకు బస్సులో పోతూ దారిపొడుగునా మాటలు కూర్చుకున్నాను. చదువు ఆపొద్దు, ఫీజు సంగతి సంస్థ చూసుకుంటుంది, చట్టం ప్రకారం ఎవరి జబ్బూ ఎవరూ బయటపెట్టకూడదు, కావాలంటే లాయరుతో మాట్లాడదాం అని. ఆ చట్టం లెక్కన ముందు నిలబడాల్సింది ఎవరో మాత్రం ఆలోచించలేదు. మధ్యాహ్నం అవుతుండగా చేరాను. బస్టాండు వెనక సందులో ఆ చెల్లెలివాళ్ల టైలరు షాపు, దాని వెనక గదిలో అవ్వా మనవరాలూ ఉంటున్నారు. అమ్మాయి షాపు ముందు బల్ల మీద కూర్చుని చీరలకు ఫాల్స్ కుడుతోంది. నన్ను చూసి లేచింది, నవ్వింది. జరిగి చోటిచ్చింది. గుంపులో ఎవరెవరు వస్తున్నారు, సర్వే ఎంతవరకు వచ్చిందని అడిగింది. ఇప్పుడు మందులు కర్నూలు నుంచి తెచ్చుకుంటున్నానని, ఇక్కడ ఎవరూ ఏమీ అడగరని, అడిగితే ఉన్నదే చెప్పేస్తానని చెప్పింది. నేను లాయరు మాట ఎత్తేలోపలే నా చేతిలో సంచి వైపు చూసింది.

"రాసుకొచ్చినావా అక్కా?"

ఇచ్చాను. సూది చీరకు గుచ్చి పక్కన పెట్టింది. టైలరు డబ్బాలోనుంచి పెన్సిలు తీసుకుంది. ఒప్పుకోని మాట కింద గీత గీయాలని నేనే నేర్పాను. నింపాదిగా చదివింది. రెండో పేజీలో ఒకచోట పెన్సిలు ఆగింది. ఒక వాక్యం కింద, ఈ చివరినుంచి ఆ చివరిదాకా గీత గీసింది. కాగితం నా వైపు తిప్పింది.

"ఇది తప్పక్కా."

ఏ వాక్యమో చూస్తూనే, ఏది అని అడిగాను.

"ఎవరూ ఊహించలేదని రాసినావే. నేను ఊహించినా. ఇంట్లో రాసి మడిచినప్పుడు గీత అగుపల్యా. ఎల్తురుకు యాలాడదీస్తే అగుపిస్తాదేమోనని ఆ పొద్దు తీసుకుందామనే తొందరగా వస్తి. వాకిట్లో నిలబడినా. నువ్వు బొటనేలు దాని మీద పెట్టి చూస్తాండావు. అక్కకు తెలిసిపాయ, ఇంక తనే తీసేస్తాదిలే అనుకున్నా. నువ్వు కొసలు సరిచేసి పక్క గుడ్డ కాడికి పోతివి."

పెన్సిలు బల్ల మీద పెట్టింది.

"మగ్గం ఇంట్లో పుట్టిన మనిషి, చూసి కూడా వదిలిందంటే ఏం కాదులే అనుకున్నా అక్కా. మళ్లీ తీయమంటే నీ మీద నమ్మకం లేనట్లుంటాదని గ్లాసులు కడగను పోతి."

లోపల కుట్టుమిషను ఆడుతోంది. ఇన్ని రోజులూ నేను చూడటం ఎవరూ చూడలేదనే ధైర్యంతో బతికాను. చూసింది ఆమే. చూసి, నా మీద నమ్మకంతో తన గుడ్డను తాడు మీదే వదిలేసింది. ఆమె తీసుకునేదే. నేను అక్కడ లేకపోయి ఉంటే తీసుకునేది. నాకు నేత తెలియకపోయి ఉంటే తీసుకునేది.

నేను ఏదో మొదలుపెట్టాను. అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టింది. గొంతులో కోపం లేదు, ప్రశ్నల పట్టికను దిద్దేటప్పుడు ఎట్లా మాట్లాడేదో అట్లానే ఉంది.

"నాకు చెప్పొద్దులే. దాంట్లో రాయి. నేను చదివి సంతకం పెడతా."

ఆ బల్ల మీదే, ఆ గీత కింద ఖాళీలో రాశాను. అది ఎవరి మగ్గం గుడ్డో గుర్తుపట్టాను, అయినా తీయలేదు అని. ఆమె చదివి, ఎందుకు తీయలేదో రాయలేదే అంది. రాయడానికి చాలాసేపు పట్టింది. ఆమె సూది తీసుకుని మళ్లీ చీర కుట్టుకుంటూ కూర్చుంది, తొందరపెట్టలేదు. రెండు వాక్యాలు రాసి కొట్టేశాను. మూడోసారి, అన్నిటికన్నా అదే బాగుందని, వచ్చినవాళ్లు దాన్నే మెచ్చుకుంటారని తీయలేదు అని రాశాను. ఆమె అది చదివి, మా అవ్వకు ఎవరి వల్లనో చెప్పు, లోపల పడుకోనుండాది అంది. పోయి చెప్పాను. అవ్వ నా మొహం చూడలేదు. ఆ కోడలి పేరు రెండుసార్లు తలుచుకుని గోడ వైపు తిరిగింది.

నేను బయటికి వచ్చేసరికి అమ్మాయి కాగితాన్ని ఇంకోసారి చదువుతోంది. చివర సంతకం పెట్టింది, తేదీ వేసింది, సంతకం కింద యువ పరిశోధకురాలు అని రాసింది. మడిచి నా చేతికి ఇస్తూ, రెండో సంతకం ఎవరిది అని అడిగింది. అరుగు మీద కూర్చుని చదివిన ఆ అబ్బాయి సంగతి చెప్పాను. అయితే అంతా అతనితో చదివించు, మధ్యలో ఏదీ మడిచి దాచొద్దు అంది. నేను జమ్మలమడుగు బస్సెక్కాను.